వెనక నిలబడ్డ గొంతు

ఇచ్ఛాపురం
జూన్ 9, 2024

పూజితా, బంగారు తల్లీ,

నువ్వు ఫోనులో పంపిన పొడుగాటి సందేశం చూశాను. చూశానంటున్నాను, చదివానని అనడం లేదు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మీ తరం వాళ్లకి బాగానే ఉంటుందేమో గానీ, కలకత్తా ఖిదిర్‌పూర్ తెలుగు బడిలో ఏడో తరగతి వరకూ చదివిన నాకు అది కొరుకుడు పడదు. మీ మామ్మ పోయాక నన్ను ఇక్కడికి తెచ్చుకున్న మీ రమత్తని చదివి పెట్టమంటే తను చదువుతుంది, నాకు వినపడదు. కాబట్టి ఇకనుంచి ఉత్తరం రాయి. నీ చేతిరాత కోడి గెలికినట్టుంటుందని తెలుసు. కంటి ఆపరేషన్ అయ్యాక నా చూపు బాగుంది, తంటాలు పడి చదువుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ మామ్మ రేకుపెట్టెలో దొరికిన క్యాసెట్టు మీ నాన్న నీకిచ్చాడట. అది 1989లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఓడరేవు డాక్ క్వార్టర్ల వెనక కుళాయి దగ్గర మా పాటల జట్టు పాడిన పాట. కామేష్ అని ఓడలో పనిచేసే మనవాడు సింగపూర్ నుంచి టేపురికార్డరు తెచ్చి, దాని పనితనం చూపించడానికి మమ్మల్ని పాడమన్నాడు. ముందు నేను ఒక చరణం అందుకునేవాణ్ణి, మిగతా పదిమందీ వంత పాడేవాళ్లు. మైకు ఒక్కటే ఉండేది.

మీ మామ్మ అమ్మన్నమ్మ గొంతు అందరికంటే పెద్దది. మొదటి చరణం కాగానే నేను పాట ఆపి, అందరి ముందూ ఆవిణ్ణి వెనక్కి పొమ్మన్నాను. "నీ గొంతు బొంగురు. పాటంతా పాడైపోతంది. కుళాయి కాడికెళ్లి నిలబడు" అన్నాను. ఆవిడ వెళ్లి నిలబడింది. కామేష్ టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. ఆ తర్వాత జట్టులో మళ్లీ ఎప్పుడూ పాడలేదు. నేనూ పాడమనలేదు. ముప్ఫై నాలుగేళ్లు అలాగే గడిచిపోయాయి.

నేను రిటైరైన ఏడాదే నా చెవులు పూర్తిగా పోయాయి. చివరి పదమూడేళ్లూ పొయ్యి దగ్గర ఆవిడ పెదాలు ఆడుతూనే ఉండేవి. నన్నే తిడుతోందని తెలుసు. ఏం తిడుతోందో వినపడకపోవడం నా అదృష్టం అని మీ నాన్నతో అంటూ నవ్వేవాణ్ణి.

నవంబరు 17న ఆవిడ సంవత్సరీకం. ఖిదిర్‌పూర్ క్లబ్బు గదిలో భోజనాలు పెడుతున్నాం. వచ్చినవాళ్లంతా ఆవిడ పాట వినాలి. రికార్డు చేసిన గొంతుల్ని కంప్యూటర్లో సర్దడమే కదా నీ ఉద్యోగం. నేను వెనక్కి పంపిన మనిషిని నువ్వు ముందుకు తీసుకురావాలి. ఇది నేను నిన్ను అడుగుతున్న పని, ఊరికే ముచ్చటపడి అంటున్న మాట కాదు. ఒకటే చిక్కు. నువ్వు చేశావో లేదో నేను విని చూసుకోలేను. అది నాకు తెలిసే దారి కూడా నువ్వే చూడు.

మీ తాత
గురువులు


సాల్ట్ లేక్
జూన్ 27

తాతా,

చేత్తో రాస్తే నీ కొత్త కన్ను పాడవుతుందని కంప్యూటర్లో తెలుగులో కొట్టి ప్రింటు తీస్తున్నాను. ఒక్కో వాక్యానికీ అర్ధగంట పడుతోంది. ఒత్తులు తప్పితే ఎర్ర పెన్నుతో దిద్ది పంపకు.

క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కించాను. మా ఆఫీసులో పెద్దాయన జయదేవ్‌దా దగ్గర పాత ప్లేయరు ఉంటే అడిగాను. టేపు ఒకచోట మెలిక పడి ఉంది. ఆయనే పెన్సిలు పెట్టి తిప్పి సరిచేశాడు. మొత్తం పదకొండు నిమిషాలు వచ్చింది. నువ్వు ముప్ఫై ఏడేళ్ల వయసులో ఎలా పాడేవాడివో మొదటిసారి విన్నాను. భలే గొంతు నీది. కాస్త గర్వం కూడా వినపడుతోంది.

విని చూసుకోలేనన్నావు కదా, అందుకే ఈ కాగితం జత చేశాను. ఇది మీ పాట బొమ్మ. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. శబ్దం ఎంత పెద్దదైతే గీత అంత ఎత్తు. పెద్ద పెద్ద కొండల్లా ఉన్నవి నీ చరణాలు. వాటి మధ్య గడ్డిలా ఉన్నది వంత. ఆ గడ్డిలో ఎక్కడో మామ్మ ఉంది. ప్రతి వంత చివరా సూదిలా నిలబడ్డ గీత ఏదో పళ్ళెం మీద కొట్టిన దెబ్బ. కుడివైపు చివర్లో కాగితం పైఅంచుకి తగిలిన స్తంభం ఓడ కూత. ఆ తర్వాత టేపు ఊరికే తిరిగింది, ఏమీ లేదు.

మా సాఫ్ట్‌వేర్‌లో నార్మలైజ్ అని ఒక మీట ఉంది. ఒక ముక్కని పట్టుకుని అది నొక్కితే, ఆ ముక్కలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఎక్కడుందో వెతికి, అది పైహద్దుకి, అంటే కప్పుకి తగిలేదాకా ముక్క మొత్తాన్నీ ఒకే కొలతలో లేపుతుంది. చిన్నగా రికార్డయిన వాటిని రోజూ దాంతోనే లేపుతాం. మామ్మ పని అయిదు నిమిషాల్లో అయిపోతుందనుకుని పాటంతటికీ నొక్కాను. ఏమీ మారలేదు. రెండోసారీ నొక్కాను. అదే బొమ్మ.

నిజం చెప్పాలంటే కొంచెం భయంగా ఉంది. మామ్మ పాడగా నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ పదకొండు నిమిషాల్లో ఏది ఆవిడ గొంతో పోల్చుకోలేకపోతున్నాను.

నీ
పూజిత


ఇచ్ఛాపురం
జూలై 8

పూజితా,

నీ ఉత్తరంలో తప్పులు పదకొండు. దిద్దలేదు, లెక్కపెట్టానంతే.

కాగితం గోడకి అంటించి రెండు రోజులు చూశాను. రమత్త భర్త పోలిరాజు వచ్చి, ఇది ఏ డాక్టరు తీయించిన గుండె పరీక్ష మావయ్యా అని పలక మీద రాసి అడిగాడు. నా గుండెదే అన్నాను.

నీ మీట ఎందుకు పనిచేయలేదో నాకు అర్థమైంది. ఓడ మీద సరుకెత్తే వించి నేను ముప్ఫై రెండేళ్లు నడిపాను. మోకుతో కట్టిన సరుకు ఎప్పుడూ ఒకటిగానే లేస్తుంది, అందులో ఒక పెట్టెని మాత్రం లేపడం కుదరదు. కట్టలో ఒక్క పెట్టె నిటారుగా పొడుచుకొచ్చి ఉంటే అది పైదూలానికి తగులుతుంది, మిగతా సరుకంతా కిందే ఆగిపోతుంది. నీ ఓడ కూత ఆ పెట్టె. అది ముందే కప్పుకి తగిలి ఉంది, ఇక నువ్వెన్నిసార్లు నొక్కినా ఏం లేస్తుంది?

అలాంటప్పుడు మేం కట్ట విప్పేవాళ్లం. పొడుగు పెట్టెని ఒక ఎత్తుగా, మిగతావాటిని వేరే ఎత్తుగా తీసేవాళ్లం. నువ్వూ అదే చెయ్యి. కూతని కోసి పక్కన పెట్టు. నా కొండలు వేరు, వంత గడ్డి వేరు. దేని ఎత్తు దానికి.

ఆ సూదులు మీ మామ్మవే. కుళాయి దగ్గర ఎవరో కడిగి బోర్లించిన ఇత్తడి పళ్ళెం తీసుకుని, వంత అయినప్పుడల్లా గరిటెతో ఒక దెబ్బ వేసింది. నా మీద కోపంతో కొడుతోందనుకున్నాను. అంత గట్టిగా కొట్టింది మరి. ఆ దెబ్బని బట్టే నేను తర్వాతి చరణం అందుకునేవాణ్ణి, అది వేరే సంగతి.

తాత


సాల్ట్ లేక్
ఆగస్టు 19

తాతా,

నువ్వు డాక్‌లో కాకుండా మా ఆఫీసులో ఉండాల్సింది. నీ పెట్టె సంగతి జయదేవ్‌దాకి బెంగాలీలో చెప్పాను. కొత్తగా చేరినవాళ్లకి ఇక నార్మలైజ్ గురించి ఇలాగే చెబుతానన్నాడు.

పాటని నలభై ఏడు ముక్కలు చేశాను. నీ చరణాలు ఒక వరుసలో, వంతలు ఒక వరుసలో పెట్టాను. పళ్ళెం దెబ్బ ఉంటే వంత లేవడం లేదు, అందుకని సూదులన్నీ కోసి పక్కన పడేశాను. ఆ తర్వాత ముక్కలన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, దేనికది లేచేలా మీట నొక్కాను.

లేచింది తాతా. మామ్మ లేచింది. "రేవు కాడ నానున్నానయ్యా, బేగి రావయ్యా" అన్న వంతలో మిగతా తొమ్మిదిమందీ ఒక గొంతు, ఆవిడ ఒక్కత్తే ఒక గొంతు. ఆవిడతో పాటు కుళాయి కారుతున్న చప్పుడు, ఎవరిదో బిడ్డ ఏడుపు, టేపు బుస కూడా లేచాయి. అయినా నాకేం ఫరవాలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసులో అందరి మధ్యా ఏడ్చాను. పక్క సీటు అమ్మాయి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. అది బొంగురు గొంతు కాదు. చాలా స్వచ్ఛమైన గొంతు. శ్రుతి నీకంటే బాగుంది. మా ఆఫీసులో ఎవరిని అడిగినా అదే అన్నారు. మరి అందరి ముందూ బొంగురని ఎందుకన్నావు?

కొత్త బొమ్మ పంపుతున్నాను. ఇప్పుడు గడ్డి లేదు, అన్నీ కొండలే. చూసుకో. ఇంకా కొంచెం శుభ్రం చేసే పని ఉంది, అది అయ్యాక రాస్తాను.

పూజిత


ఇచ్ఛాపురం
ఆగస్టు 30

పూజితా,

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. వంతలన్నీ నా చరణాలంత ఎత్తు లేచాయి. సంతోషం. నా శ్రుతి గురించి నువ్వన్నది కూడా చదివాను.

అయితే కుడివైపు చివర చూడు. మొదటి కాగితంలో ఓడ కూత తర్వాత ఏమీ లేదని రాశావు, గీత కూడా చాప పరిచినట్టు ఉంది. ఈ కాగితంలో అక్కడ కూడా కొండలున్నాయి. ఒకటి లేచి ఆగింది, ఇంకొకటి లేచింది, మళ్లీ మొదటిది. పాటైతే సమానంగా సాగుతుంది. ఇది ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టుంది.

నీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. చెవిటివాడికి తెలియదులే అనుకున్నావేమో. నువ్వు అయిదేళ్ల పిల్లప్పుడు లడ్డూ వెనక్కి పెట్టుకుని తినలేదని చెప్పినప్పుడు నీ ముఖం ఎలా ఉండేదో, ఈ ఉత్తరం అలాగే ఉంది. అక్కడ ఏముందో రాయి.

నువ్వడిగిన దానికి జవాబు అది వచ్చాక.

తాత


సాల్ట్ లేక్
సెప్టెంబరు 16

తాతా,

పట్టేశావు. నిజంగానే దాచాను.

అన్ని ముక్కల్నీ ఒకేసారి ఎంచుకున్నానని రాశాను కదా. పొరపాటున ఆ చివరి ఖాళీ ముక్క కూడా అందులో పడింది. అందులో ఎత్తైనదంటూ ఏమీ లేదు కాబట్టి మీట దాన్ని మిగతా అన్నిటికంటే ఎక్కువ లేపింది. బుస భరించలేక తీసేయబోయాను. అంతలో బుస వెనక మాటలు వినపడ్డాయి. మీ పాట అయ్యాక కామేష్ టేపు ఆపడం మరిచిపోయినట్టున్నాడు. ఎవరో ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు మామ్మ.

నీకు రాయాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ముందు రెండో మనిషెవరో తెలుసుకోవాలనిపించింది. నిన్న ఆదివారం ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సులో ఖిదిర్‌పూర్ వెళ్లాను. మీ పక్క వాటా సింహాచలమ్మ మామ్మకి హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. కార్పొరేషన్లో ముప్ఫై ఏళ్లు వీధులూడ్చి, ఏ గొడవకీ బెదరని మనిషి. తన గొంతు తను వినగానే హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అది నానే. నా తర్వాత మాట్నాడింది అమ్మన్నే" అంది.

టేపులో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. ముందు సింహాచలమ్మ మామ్మ అడిగింది.

"అంత దూరం పోయి నిలబడ్డావేటే? ఆయనేదో అన్నాడని? నీ పాట ఎవులికి ఇనబడతాది?"

"ఇనబడక్కర్నేదు. నాను దగ్గరుంటే ఆయన గొంతు ఆయనకి ఇనబడదు. కుడి సెవి పోనాది ఆయనకి. రెండో దాంతోటే నెట్టుకొస్తన్నాడు."

"ఓలమ్మా. సెప్పినాడేటి నీకు?"

"సెప్తాడేటి. బొంగురు గొంతని నన్నే తిట్నాడు. ఎవులితోటీ అనకు, తెలిస్తే వించి మీంచి దించేస్తారు. అందుకే పళ్ళెం అంత గట్టిగా కొట్నాను, తాళం అందాల గదా."

అంతే. తర్వాత కుళాయి కింద బిందె పెట్టిన చప్పుడు, ఆపైన టేపు అయిపోయింది.

ఎవరితోనూ అనకు అన్న మాట ఉంది కదా, అందుకే ఆగిపోయాను తాతా. నీకు ఇన్నేళ్లూ తెలియని సంగతి నా పొరపాటు వల్ల తెలియడం మంచిదో కాదో నాకు అర్థం కాలేదు. సింహాచలమ్మ మామ్మని అడిగితే రాయమంది. రాస్తే ఇది కూడా రాయమని ఇంకో మాట చెప్పింది. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆయన సెవులు ఎప్పుడైతే మొత్తం పోనాయో, అప్పుట్నించీ అమ్మన్న రోజూ పాడీది. ఆయన పక్కన కూకునుంటే, పొయ్యి కాడ గొంతెత్తి పాడీది. ఎవులైనా గుమ్మంలోకొస్తే ఆపేసీది. గోడవతల్నించి నాను ఇన్నాను, పదమూడేళ్లు."

తాతా, ఆవిడ నిన్ను తిట్టలేదు.

పూజిత


ఇచ్ఛాపురం
అక్టోబరు 20

పూజితా,

నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. రమత్త రోజూ నా ముఖం చూసి ఏమైంది నాన్నా అని పలక మీద రాసి చూపిస్తోంది. ఏం లేదని అన్నాను. దసరా కూడా అయిపోయింది. ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

నువ్వడిగిన దానికి జవాబు. మీ మామ్మ గొంతు బొంగురు కాదని నాకు ఆ రోజే తెలుసు. కుడి చెవి అప్పటికి రెండేళ్లుగా పనిచేయడం లేదు. వించి మోతకి పోయింది. కిందనున్న మనిషి చేతి సైగలు చూసి పని నడుపుకొచ్చాను, చెవి పరీక్షలప్పుడు ఎడమ చెవితోనే రెండిటికీ జవాబు చెప్పాను. ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. ముఖ్యంగా ఆవిడకి. ఆ రోజు ఆవిడ నా ఎడమవైపు నిలబడి పాడుతుంటే నా గొంతు నాకు వినపడలేదు. చరణం తప్పాను. నీ గొంతు పెద్దది, కాస్త జరుగు అంటే సరిపోయేది. అలా అంటే ఎందుకని అడుగుతుందని భయపడి, బొంగురని అబద్ధం చెప్పాను. నా చెవి దాచుకోవడానికి ఆవిడ గొంతుకి వంక పెట్టాను. ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆవిడకి తెలుసు. తెలిసే వెళ్లి నిలబడింది. నేను దాస్తున్నానని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని నాకు తెలియదు. ఒకే గదిలో అన్నేళ్లు కాపురం చేసి, ఒకరి కోసం ఒకరం ఎంత జాగ్రత్తగా దాచుకున్నామో చూడు. నెల రోజుల నుంచి నాకు ఇదే ఆలోచన.

ఇంకొకటి ఉంది. ఆవిడ పెదాలు ఆడినప్పుడల్లా తిడుతోందనుకుని నేనూ గొణిగేవాణ్ణి. చాల్లే ఆపు అని పైకి కూడా అనేవాణ్ణి. అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి నవ్వేది. ఎందుకు నవ్వేదో ఇప్పుడు తెలిసింది. ఎక్కడ బాధపడాలో, ఎక్కడ సంతోషించాలో తెలియక రెండూ కలిపి పడుతున్నాను.

పొరపాటున తెలిసిందని నువ్వేం బాధపడకు. నువ్వు ఆ మీట నొక్కకపోతే నేను ఆవిణ్ణి వెనక్కి పంపానన్న బాధతోనే పోయేవాణ్ణి.

నవంబరు 12న పోలిరాజు నన్ను హౌరా రైలెక్కిస్తాడు. మీ నాన్నని స్టేషనుకి రమ్మను. సంవత్సరీకం నాటికి నువ్వు చేయాల్సినవి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు.

ఆ చివరి ముక్క క్లబ్బు గదిలో ఎవరికీ వినిపించకు. ఎవరితోనూ అనొద్దని ఆవిడ అంది. సింహాచలమ్మ ఇన్నేళ్లు ఆ మాట నిలబెట్టింది, మనమూ నిలబెడదాం. దాన్ని చెరపకుండా నీ దగ్గర ఉంచుకో.

పాట మాత్రం గట్టిగా వినిపించు. నా కుర్చీ పక్కన స్పీకరు పెట్టించు, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాను. ఓడలో మోత చెవికంటే ముందు చేతికి తెలిసేది, ఇదీ తెలుస్తుంది. నా చరణాలన్నీ తగ్గించు. గడ్డిలా ఉంటే చాలు. ఆవిడ ముక్కలు కప్పు తగిలేదాకా లేపు.

కోసి పక్కన పడేశానన్న ఆ పళ్ళెం దెబ్బలు మాత్రం ఎక్కడివి అక్కడ తిరిగి పెట్టు. నాకు తాళం అందాలి. ఈసారి కుళాయి దగ్గర నేను నిలబడతాను.

తాత
గురువులు